భయపెట్టడం మీ వల్ల కాదు సామీ!

1993లో అనంతపురం జిల్లా మద్దెలచెర్వులో ఒక టీవీ పేలింది. ఓల్టేజీ ఎక్కువై పేలలేదు. అందులో బాంబు పెట్టారు. ఇంట్లోవాళ్లు చనిపోయారు. రాయలసీమలో జనం ఇప్పటికీ దాన్ని 'టీవీ బాంబు' అనే అంటారు. నాలుగేళ్ల తర్వాత, 1997 నవంబరులో, హైదరాబాద్‌లో ఒక సినిమా ముహూర్తం దగ్గర కారు బాంబు పేలింది. 26 మంది పోయారు. ఆ ముహూర్తం కవర్ చేయడానికి వెళ్లిన ఈటీవీ సిబ్బందీ వాళ్లలో ఉన్నారు.

టీవీకీ హంతకుడికీ మధ్య మాకు తెలిసిన చుట్టరికం ఇదీ. హారర్ సిరీస్‌లు తీసే మీరేమో నల్ల ముసుగు, తెల్ల కనుగుడ్లు, వెనకాల 'ఢమ్' అని ఒక చప్పుడు పెట్టి, 'గుండె ధైర్యం లేనివాళ్లు చూడొద్దు' అని బోర్డు తగిలించి, సీమ జనాన్ని వణికిస్తామంటున్నారు. ఎవరికబ్బా ఈ కతలు?

హారర్ సిరీస్‌లో హంతకుడు రావాలంటే ముందు వాన పడాలి. వాన! ఆదోనిలో, ఆలూరులో, పత్తికొండలో అర్ధరాత్రి ఉరుములు మెరుపులతో వాన పడితే జనం తలుపులు బిగించుకుంటారా? మంచాలు దిగి వాకిట్లోకొచ్చి ఆకాశానికి దండం పెడతారు. ఆ హంతకుడు కూడా కత్తి చంకలో పెట్టుకుని 'ఈ యేడన్నా శనక్కాయ పండుతాదిలే' అనుకుంటా ఇంటికి పోతాడు.

తర్వాత కరెంటు పోవాలి. కరెంటు పోతే భయమా? రాత్రిపూట మోటారుకు కరెంటు ఎప్పుడిస్తారో తెలియక, పాములు తిరిగే చేలో టార్చిలైటు పట్టుకుని కూచున్న రైతును అడగండి, భయమంటే ఏమిటో చెప్తాడు.

తర్వాత పాడుబడ్డ బంగళా కావాలి. దానికి మాత్రం కర్నూలుకే రావాలి. 1953లో రాజధాని అన్నారు. 1956లో మూటాముల్లె సర్దుకుని హైదరాబాద్ పోయారు. 2020లో న్యాయ రాజధాని అంటూ చట్టం చేశారు. 2021లో ఆ చట్టాన్నే రద్దు చేశారు. ఈ ఊళ్లో దయ్యానికి కూడా అడ్రసు నిలవదు.

ఇక సీజన్లు. ఒకే కథను ఏళ్ల తరబడి సాగదీయడం మీరు కనిపెట్టారనుకుంటున్నారా? కడప ఉక్కు ఫ్యాక్టరీ పేరుతో 2007లో ఒక కొబ్బరికాయ, 2018లో ఒకటి, 2019లో ఒకటి, 2023లో ఇంకొకటి. నాలుగు సీజన్లు అయిపోయాయి. ప్రతి సీజన్ చివర ఒకటే ముక్క: 'త్వరలో'. ఇంత సస్పెన్సు మీ రైటర్ల వల్ల అవుతుందా?

సరే, ఎకసెక్కాలు చాలు. అసలు ప్రశ్నకొద్దాం. దయ్యం కంటే మనిషి హంతకుడు ఎందుకు ఎక్కువ భయపెడతాడు?

దయ్యానికి ఒక కట్టుబాటుంది. పొద్దు పొడిస్తే పోతుంది. నిమ్మకాయ కోస్తే ఆగుతుంది. పగ తీరితే ఊరు విడుస్తుంది. మనిషికి ఇవేవీ అడ్డు రావు. పట్టపగలు వస్తాడు. పేరు పెట్టి పిలుస్తాడు. 'బువ్వ తింటివా అన్నా?' అని అడుగుతాడు. పక్కన కూచుని టీ తాగుతాడు. పని ముగించుకుని ఇంటికి పోయి హాయిగా నిద్రపోతాడు. మర్నాడు శవం దగ్గర అందరికంటే పెద్దగా ఏడుస్తాడు. ఇవన్నీ భయంకరమే. కానీ ఇవన్నీ కలిపినా సగమే. మిగతా సగం వాడిలో లేదు. వాడి చుట్టూ ఉంది.

2023లో వచ్చిన 'దూత' సిరీస్ చూశారు గదా. జరగబోయే చావులు పేపరు ముక్కల మీద ముందే అచ్చయి ఉంటాయి. జనం ఆ ముక్కల్ని చూసి జడుసుకున్నారు. పాపం, కాగితం ఏం చేసిందయ్యా? అక్కడ అసలు పాపం కలం పట్టుకున్న మనుషులది. రాయాల్సింది రాయకుండా, అమ్ముకోవాల్సింది అమ్ముకున్న వాళ్లది. అది చూసి ఏ ఎడిటరైనా ఉలిక్కిపడ్డాడా? అందరూ కాకిని చూసి, చీకటిని చూసి ఉలిక్కిపడ్డారు. సేఫ్ గదా!

అదే ఏడాది హిందీలో 'దహాడ్' వచ్చింది. అందులో హంతకుడికి ముసుగు లేదు, కోరలు లేవు. కాలేజీలో సాహిత్యం చెప్పే అయ్యవారు. పెళ్లాం, బిడ్డ, మర్యాదస్తుడన్న పేరు. ఒకరి తర్వాత ఒకరు ఆడపిల్లలు మాయమైపోతుంటే అన్నేళ్లు ఎట్లా తప్పించుకున్నాడు? మహా తెలివిగలవాడనా? తెలివీ లేదు, తోటకూరా లేదు. ఆ పిల్లలంతా కట్నం ఇచ్చుకోలేని ఇళ్లవాళ్లు. 'ఎవడితోనో లేచిపోయింది' అని ఇంట్లోవాళ్లు పరువు కోసం నోరు మూసుకున్నారు. అడిగేవాళ్లు లేరని స్టేషన్ ఫైలు మూసుకుంది. వాడు కత్తి తీయాల్సిన పనే లేదు. ఊరి నోరు మూతపడటమే వాడి ఆయుధం.

ఇదీ భయమంటే. హంతకుడు ఒక్కడే. చూసీ చూడనట్టు పోయేవాళ్లు ఊరంతా.

ఈ సంగతి మన తెరకు ఎప్పుడు ఎక్కింది? మా సీమను ముప్పై ఏళ్లుగా తీస్తానే ఉన్నారు గదా. 'ప్రేమించుకుందాం రా' 1997. 'సమరసింహారెడ్డి' 1999. 'నరసింహనాయుడు' 2001. 'ఇంద్ర' 2002. 2003లో 'ఒక్కడు' వచ్చి మా కర్నూలు కొండారెడ్డి బురుజును కూడా కొట్లాట మైదానం చేసింది. ఊరి చరిత్రకు గురుతైన బురుజు రాష్ట్రానికంతా ఫైటు సీనుగా తెలిసింది. టూరిజం శాఖ చేయలేని ప్రచారం! కృతజ్ఞతలు.

వాటన్నిట్లో నిజంగా భయపెట్టిన విలన్ ఒకరున్నారు. జయప్రకాష్ రెడ్డి. సిరివెళ్ల మనిషి. సినిమాల్లోకి రాకముందు లెక్కల అయ్యవారు. ఆయన ఎందుకు భయపెట్టారు? కండలు చూపించారా? గావుకేకలు పెట్టారా? మా ఇంట్లో మేనమామ మాట్లాడే యాసలో, అంతే నింపాదిగా, చంపుతానని చెప్పారు. విన్నవాడికి వెన్నులో వణుకు పుట్టింది. ఆ యాస తనింట్లోదే గనక! తర్వాతి డైరెక్టర్లు ఆయన దగ్గర ఏం నేర్చుకున్నారు? మీసం. ఆయన నింపాదితనం వదిలేసి మీసం పట్టుకున్నారు. సుమోలు గాల్లోకి లేపారు. తొడ కొట్టించారు. చంపేవాడికి దండ వేసి, చచ్చేవాడికి పేరు కూడా పెట్టలేదు. లారీల్లో తెచ్చి దింపిన ఆ నూరుమంది ఎవరు? వాళ్ల పెళ్లాల సంగతేంది? కెమెరాకు అంత తీరిక ఎక్కడిది?

మన విలువలు ఎంత గొప్పవో చూడాలంటే తెర కింది మూల చూడండి. హీరో సిగరెట్టు ముట్టిస్తే చాలు, 'ధూమపానం ఆరోగ్యానికి హానికరం' అని అక్షరాలు పరిగెత్తుకొస్తాయి. 2023 నుంచి ఓటీటీలకూ అదే రూలు. మంచిదే. మరి అదే హీరో పట్టుడు కొడవలితో తల నరికినప్పుడు? స్లోమోషన్. వెనకాల శ్లోకం. థియేటర్లో ఈల. కొడవలి ఆరోగ్యానికి మంచిదన్నమాట!

ఒకటి రెండు ప్రయత్నాలు జరగలేదని కాదు. 2022లో జీ5లో 'రెక్కీ' వచ్చింది. తాడిపత్రి, ఒక మున్సిపల్ చైర్మన్ హత్య. ఆ పేరులోనే కొంత నిజముంది. ఎవరు ఏ వేళకు బయటికొస్తాడు, ఏ హోటల్లో టిఫిను తింటాడు, ఏ రోజు ఒంటరిగా దొరుకుతాడు అని రోజుల తరబడి చూడటం. ఆవేశంలో చంపేవాడికంటే ఓపికగా చంపేవాడు వందరెట్లు భయంకరం. కానీ ఒక ప్రశ్న అక్కడ కూడా మిగిలిపోతుంది. కొత్త మొహాలు రోజుల తరబడి ఊళ్లో తిరుగుతుంటే ఊరికి తెలియదా? టీ కొట్టువాడికి తెలుసు. లాడ్జివాడికి తెలుసు. ఆటోవాడికి తెలుసు. స్టేషన్లో రైటరుకూ తెలిసే ఉంటుంది. తెలియంది ఒక్క చచ్చేవాడికే.

కోర్టు దాకా వెళ్తే ఇంకా తమాషా. నడిబజారులో, సంతరోజున, నూరుమంది ముందు మనిషిని నరుకుతారు. బోనెక్కేసరికి నూరుమందీ ఆ రోజు చుట్టాలింటికి పోయి ఉంటారు. ఊరు ఊరంతా ఒకేరోజు చుట్టాలింటికి! ఏ దయ్యం కథలో ఉందయ్యా ఇంత మాయ?

పెద్దింటి చావు చూద్దాం. 2019 మార్చి 15. పులివెందుల. మాజీ ఎంపీ, మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి తన ఇంట్లోనే విగతజీవిగా కనిపించారు. ఆ ఉదయం టీవీల్లో మొదట వినిపించిన మాట ఏమిటి? గుండెపోటు. సాయంత్రానికి గొడ్డలి గాయాలు బయటికొచ్చాయి. గుండెపోటుకు గొడ్డలి ఎక్కడిది స్వామీ? నెత్తురు మరకలు కడిగేశారన్నది సీబీఐ చెప్పిన మాట. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు సీబీఐ కావాలని కోర్టుకెక్కిన నాయకుడే, ముఖ్యమంత్రి అయ్యాక ఆ పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. అవతలి పార్టీకీ ఆ చావు ఎన్నికల ప్రచారంలో పనికొచ్చే సరుకైంది. 2020లో హైకోర్టు దర్యాప్తును సీబీఐకి ఇచ్చింది. 2022లో సుప్రీంకోర్టు విచారణను హైదరాబాద్‌కు మార్చింది. ఎవరు చంపారో తేల్చాల్సింది న్యాయస్థానం. ఆ పని నాది కాదు, మీదీ కాదు. నేను అడిగేది ఒక్కటే. ఆ పొద్దున 'గుండెపోటు' అన్న మాట అంత సులువుగా ఎట్లా చెల్లుబాటైంది? ఒక మాజీ మంత్రి చావుకే ఇట్లా అయితే, ఊరి చివర కూలోడి చావుకు ఏం పేరు పెడతారు?

మీ సిరీస్‌కు ఇంకో రకం హంతకుణ్ణి చూపిస్తా. వాడికి కత్తి లేదు. పగ లేదు. చచ్చేవాళ్ల మొహాలు కూడా తెలియవు. ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు. సంతకం పెడతాడు. లేదా, పెట్టాల్సిన సంతకం పెట్టడు.

2021 నవంబరు 19. కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్ల మీద నీళ్లు పడ్డాయి. ముప్పైకి పైగా మంది చనిపోయారు, లేదా గల్లంతయ్యారు. కార్తీకమాసం పూజకు గుడికొచ్చిన వాళ్లు కూడా కొట్టుకుపోయారు. ఆ ప్రాజెక్టుకు గేట్లు అయిదు. ఒకటి తెరుచుకోలేదు. ఈ మాట అన్నది ఊరివాళ్లు మాత్రమే కాదు. అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్రసింగ్ షెకావత్ సాక్షాత్తూ రాజ్యసభలో చెప్పారు. రాష్ట్రం కాదంది. కేంద్రం అవునంది. మాటకు మాట. గేటు మాత్రం ఎవరి మాటా వినలేదు. వాన లేక ఎండిపోయే నేలలో నీళ్లు వచ్చి చంపాయంటే, ఆ హంతకుణ్ణి ఏమని పిలవాలి? ప్రకృతి వైపరీత్యం అని పిలిచారు. మంచి పేరు. ప్రకృతికి వకీలు ఉండడు గదా.

2018 ఆగస్టు. కర్నూలు జిల్లా హత్తిబెళగల్ క్వారీలో పేలుడు. ఎక్కడెక్కడి నుంచో పొట్ట చేతబట్టుకొచ్చిన వలస కూలీలు ముక్కలైపోయారు. 2021 మే 8. కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె. జిలెటిన్ స్టిక్స్ దించుతుండగా పేలుడు. పది మంది పోయారు. రెండు చోట్లా ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు. విచారణకు ఆదేశించారు. కఠిన చర్యలు తీసుకుంటామన్నారు. ఎపిసోడ్ మారింది, డైలాగు మారలేదు.

2025 అక్టోబరు 24 తెల్లవారుజాము. కర్నూలు శివారు చిన్నటేకూరు దగ్గర ప్రైవేటు స్లీపరు బస్సు తగలబడింది. ఇరవై మంది దాకా నిద్దట్లోనే కాలిపోయారు. బస్సు తిరిగేది హైదరాబాద్ నుంచి బెంగళూరుకు. నంబరేమో డామన్ డయ్యూది. ముసుగు గురించి కదా మీరు సీజన్ల కొద్దీ తీసేది? తీసుకోండి, ఇది ముసుగు. దాన్ని దారిపొడవునా ఎన్ని చెక్‌పోస్టులు చూశాయి? ఎన్ని కళ్లు పక్కకు తిరిగాయి?

వీటి మీద సిరీస్ తీయరు. ఎందుకంటే ఇందులో హీరో లేడు. సీజన్ రెండు మాత్రం గ్యారంటీగా ఉంటుంది.

మరి టీవీ వార్తల వాళ్లు? వాళ్లు ఇంకా ఘనులు. 2021 జనవరిలో మదనపల్లెలో చదువులు చెప్పే తల్లిదండ్రుల చేతుల్లోనే ఇద్దరు ఎదిగిన ఆడబిడ్డలు చనిపోయారు. మనసుకు పట్టిన జబ్బు ఒక ఇంటిని ఎట్లా మింగేసిందో అడగాల్సిన ఘడియ అది. సీమలో మానసిక వైద్యం ఎక్కడ దొరుకుతుంది, ఆ ఇంటి తలుపు ముందే ఎవరూ ఎందుకు తట్టలేదు అని అడగాల్సిన ఘడియ. ఏం చేశారు? ఎర్ర అక్షరాలు, పుర్రె బొమ్మ, గుడ్లగూబ కూత. చేతబడి, క్షుద్రం, త్రిశూలం. స్టూడియోలో ఒక స్వామీజీ, ఒక హేతువాది. ఇద్దరికీ చెరో మైకు. మధ్యలో యాడ్. రెండు చావుల మధ్య సబ్బు అమ్ముకున్నారు. ఇప్పుడు చెప్పండి, మనుషుల్లో భయం పుట్టించేది ఎవరు?

ఇంకో ముచ్చట. క్రిమినల్ కేసులున్న అభ్యర్థులు ఆ వివరాలను పేపర్లలో, టీవీల్లో ప్రకటన ఇవ్వాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎంత గొప్ప తీర్పు! టీవీలో నిజమైన క్రైమ్ సిరీస్ అంటే అదే గదా. మీ ఇంట్లో ఎవరైనా చూశారా? ఏ అపరాత్రి పడుతుందో, ఏ చీమతలకాయంత అక్షరాల్లో వస్తుందో దేవుడికెరుక. వెబ్ సిరీస్ టీజర్ మాత్రం అరగంటకోసారి వేస్తారు. కల్పిత హంతకుడి మొహం గోడంత. అసలు సెక్షన్లు ఆవగింజంత.

డైరెక్టర్ గారూ, భయపెట్టాలనుంటే రండి. కానీ ముసుగు పక్కన పెట్టి రండి. హంతకుడి కళ్ల మీద కెమెరా పెట్టి గంటలు గంటలు చూపించొద్దు. కెమెరా తిప్పండి. ఆ టీ కొట్టువాణ్ణి చూపించండి. తలుపు సందులోంచి చూసి గడియ వేసుకున్న పక్కింటాయన్ని చూపించండి. 'మనకెందుకులే' అన్న ఆ ఒక్క ముక్కను క్లోజప్‌లో చూపించండి. గేటు పాడైందని చెప్పిన ఫైలు ఏ టేబులు మీద ఎన్నాళ్లు పడుకుందో చూపించండి. ప్రేక్షకుడు అప్పుడు నిజంగా వణుకుతాడు. ఎందుకంటే తెర మీద వాడికి తన మొహమే కనపడుతుంది. అంత దమ్ముందా? లేదులే. ఆ సీను తీస్తే షూటింగుకు పర్మిషను ఇచ్చేవాడుండడు.

మరి జనం సంగతి? మనం మారమా? మారతాం. దేవనకొండ మండలం కప్పట్రాళ్లను చూడండి. 2008 మేలో ఆ ఊరి కక్షల్లో ఒక్క దాడిలో 11 మంది పోయారు. 2014లో ఆదోని కోర్టు యావజ్జీవ శిక్షలు వేసింది. అంటే నోరు విప్పినవాళ్లున్నారు. తర్వాత జిల్లా ఎస్పీగా ఉన్న ఆకె రవికృష్ణ ఆ ఊరిని దత్తత తీసుకున్నారు. కొడవళ్ల ఊరుగా పేరుపడ్డ అదే ఊరు 2024లో యురేనియం కోసం అడవిలో బోర్లు వేయొద్దని చుట్టుపక్కల పల్లెలతో కలిసి రోడ్డెక్కింది. సర్కారు దిగొచ్చి ఆపుతున్నామని చెప్పాల్సి వచ్చింది. సుమో ఎగరలేదు. ఎవడూ తొడ కొట్టలేదు. మనుషులు అడిగారు, అంతే.

ఏ నిర్మాతా ఈ కథ కొనడు. కొనకపోతే పోనీండి, మీరు వాడుకోండి. ఈసారి ఊళ్లో చావు జరిగి, 'విచారణకు ఆదేశించాం' అని ఎవరైనా మైకు ముందు చెప్తే, పోయినసారి విచారణలో ఏం తేలిందో అడగండి. గేటు ఎవరి బాధ్యతో పేరుతో సహా అడగండి. బస్సుకు అనుమతి ఎవరిచ్చారో అడగండి. జవాబు రాకపోతే మర్నాడు మళ్లీ అడగండి. హంతకుడికి దయ్యమన్నా, దేవుడన్నా, పోలీసన్నా లెక్కలేదు. వాడు భయపడేది అడిగే మనిషికే.